రీసెట్ కొడితే మొదటికే మోసం

నా మాట ముందే చెప్పేస్తాను. మోడల్ రైలు ఇంజను మొరాయిస్తే మొదటి పని డీకోడర్‌ని రీసెట్ చేయడం కాకూడదు. ముందు పట్టాలు చూడాలి. తర్వాత చక్రాలు చూడాలి. ఆ తర్వాత డీకోడర్‌లో ఏముందో చదివి కాగితం మీద రాసుకోవాలి. రీసెట్ అన్నిటికంటే చివర. మా క్లబ్‌లో మాత్రం ఇది తలకిందులుగా జరుగుతోంది. ఇంజను ఆగితే చాలు, "రీసెట్ కొట్టు" అని పక్కనుంచి ఎవరో ఒకరు అనేస్తారు. ఇది మారాలి.

కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఒక మాట. బండికి కట్టిన ఎద్దు ఇక కదలనని నిలబడిపోతే "మొరాయించింది" అంటారు. మోటారు సైకిలు స్టార్ట్ కాకపోయినా అదే మాట వాడతారు. మొరాయించినది చచ్చిపోలేదు, పాడైపోలేదు కూడా. కదలకపోవడానికి దానికేదో కారణం ఉంది, అది మనం కనుక్కోవాలి. ఇక్కడ ఇంగ్లండ్‌లో మా క్లబ్ వాళ్లు ఇంగ్లీషులో "డీకోడర్ చచ్చిపోయింది" అనేస్తారు. చాలాసార్లు తెలుగు మాటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

లోపల ఏం జరుగుతుంది

ఇక్కడికి తెలుగు కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమందికి మోడల్ రైళ్ల గురించి తెలియదు. కాబట్టి కొంచెం చెబుతాను.

పాత పద్ధతిలో పట్టాల మీద వోల్టేజి పెంచితే ఇంజను వేగంగా వెళ్తుంది, తగ్గిస్తే నెమ్మదిస్తుంది. ఒకే దారి మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ ఒకేసారి కదులుతాయి. వాటికి విడివిడిగా చెప్పడం కుదరదు. డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్, వేరే పద్ధతి. ఇందులో పట్టాల మీద కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఆ కరెంటు అటూ ఇటూ మారుతూ సందేశాలు మోస్తుంది. ఒక్కో మార్పు 58 మైక్రోసెకన్లు ఉంటే అది 1. దాదాపు 100 మైక్రోసెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అది 0. ఇంజను లోపల ఉండే చిన్న డీకోడర్ ఈ ఒకట్లనూ సున్నాలనూ వింటుంది. "నాలుగో నంబరు ఇంజనూ, పదో మెట్టు వేగంతో ముందుకు వెళ్లు" అని వినిపిస్తే, అది తన నంబరైతేనే మోటారు తిప్పుతుంది.

జర్మనీలోని లెంజ్ కంపెనీ చేసిన పని దీనికి పునాది. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ దాన్ని 1990లలో అందరికీ ఒకే ప్రమాణంగా చేసింది. అందుకే ఒక కంపెనీ కంట్రోలర్‌తో ఇంకో కంపెనీ డీకోడర్ నడుస్తుంది.

డీకోడర్‌కి జ్ఞాపకం కూడా ఉంటుంది. మందుల షాపులో సొరుగుల గోడలాగా ఊహించుకోండి. ఒక్కో సొరుగుకి ఒక నంబరు, లోపల 0 నుంచి 255 వరకు ఏదో ఒక సంఖ్య. ఈ సొరుగుల్ని సీవీలు అంటారు. సీవీ 1లో ఇంజను నంబరు ఉంటుంది. సీవీ 2లో మోటారు ఎంత వోల్టేజి దగ్గర కదలడం మొదలుపెట్టాలో ఉంటుంది. ఎంత మెల్లగా వేగం అందుకోవాలో సీవీ 3 చెబుతుంది, ఎంత మెల్లగా ఆగాలో సీవీ 4 చెబుతుంది. సీవీ 5లో అన్నిటికంటే ఎక్కువ వేగం ఉంటుంది.

సీవీ 8 విచిత్రమైనది. దాన్ని చదివితే డీకోడర్‌ని ఎవరు చేశారో చెబుతుంది. 145 వస్తే జిమో, 151 వస్తే ఈఎస్‌యూ, 99 వస్తే లెంజ్. జిమో, ఈఎస్‌యూ లాంటి చాలా డీకోడర్లలో అదే సీవీ 8లో 8 అని రాస్తే సొరుగులన్నీ ఫ్యాక్టరీలో ఉన్నట్టు అయిపోతాయి. ఇదే రీసెట్. చదివితే పేరు చెప్పే సొరుగే, రాస్తే మనం నేర్పినవన్నీ మరిచిపోతుంది.

పోయేది ఏమిటి

"పోతే పోయింది, నంబరు మళ్లీ పెట్టుకుంటే సరి" అంటారు. కొత్త ఇంజనుకి అది నిజమే. పాత ఇంజనుకి కాదు.

మా క్లబ్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయనకి రెండు క్లాస్ 37 డీజిల్ ఇంజన్లు ఉండేవి. అసలు రైల్వేలో కూడా ఆ రకం ఇంజన్లు జంటగా బరువైన గూడ్సు బండ్లు లాగేవి. మోడల్‌లో అలా చేయాలంటే రెండు ఇంజన్లూ ఒకే వేగంతో నడవాలి. ఒకే పెట్టెలోంచి వచ్చిన రెండు మోటార్లు కూడా ఒకేలా తిరగవు. అందుకని డీకోడర్‌లో వేగాల పట్టిక ఉంటుంది. సీవీ 67 నుంచి సీవీ 94 వరకు 28 సొరుగులు, 28 మెట్లకి 28 సంఖ్యలు. ఆయన ఒక చలికాలమంతా కూర్చుని, గడియారం చూసుకుంటూ, మెట్టు తర్వాత మెట్టు సరిచేశారు. ఆ తర్వాత ఆ రెండు ఇంజన్లూ ఒకదాన్నొకటి నెట్టకుండా, గుంజకుండా, ఒకే ఇంజనులా కదిలేవి.

ఆయన పోయాక కుటుంబం ఆ ఇంజన్లని క్లబ్‌కి ఇచ్చింది. ఒక ప్రదర్శన రోజు వాటిలో ఒకటి పాయింట్ల మీద తడబడింది. ఎవరో రీసెట్ కొట్టారు. ఇంజను మూడో నంబరుకి మారిపోయింది. పట్టిక పోయింది. తడబాటు మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే దానికి కారణం చక్రాల మీద పట్టిన మసి. గుడ్డతో రెండు నిమిషాలు తుడిస్తే పోయింది. ఆ 28 సంఖ్యలు ఎక్కడా రాసి లేవు. వాటిని చెప్పగలిగిన మనిషి లేరు. ఇప్పుడు ఆ జంట వంపుల దగ్గర వ్యాగన్లని పట్టాల మీదనుంచి తోసేస్తోంది.

రీసెట్ కొట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకి అందరూ అదే నేర్పారు. కోపమంతా ఆ అలవాటు మీదే.

బయట నుంచి లోపలికి

నేను చెప్పే వరస ఇది. ఇందులో ఏదీ నా కనిపెట్టుడు కాదు, ఓపిక ఉన్నవాళ్లందరూ చేసేదే.

మొదట ఒక ప్రశ్న వేసుకోండి. అన్ని ఇంజన్లూ ఒకే చోట ఆగుతున్నాయా, ఒకే ఇంజను అన్ని చోట్లా ఆగుతోందా? అన్నీ ఒకే చోట ఆగితే తప్పు పట్టాలది. ఒకటే అన్ని చోట్లా ఆగితే తప్పు ఇంజనుది. ఈ ఒక్క ప్రశ్న సగం పని చేసేస్తుంది, ఖర్చు ఏమీ లేదు.

పట్టాల మీద అనుమానం ఉంటే నాణెం పరీక్ష చేయండి. రెండు పట్టాలకీ అడ్డంగా ఒక రెండు పెన్నీల నాణెం పెట్టండి. కంట్రోలర్ వెంటనే షార్ట్ గుర్తుపట్టి కరెంటు ఆపేయాలి. దూరంగా ఉన్న మూలల్లో కూడా ఇలాగే ఆగాలి. ఎక్కడైనా ఆగకపోతే వెంటనే నాణెం తీసేయండి. అక్కడికి కరెంటు సరిగ్గా అందడం లేదని అర్థం. తీగలు సన్నగా ఉండొచ్చు, పట్టాల అతుకులు వదులై ఉండొచ్చు. డీకోడర్‌లో ఏ సంఖ్య మార్చినా ఇది బాగుపడదు.

తర్వాత చక్రాలు. గుడ్డ మీద కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి తుడవండి. గుడ్డ నల్లగా వస్తే జవాబు దొరికినట్టే. చక్రాల వెనక రాసుకునే సన్నని రేకులు వంగిపోయాయేమో కూడా చూడండి. కరెంటు లోపలికి వచ్చేది వాటిగుండానే.

ఎనిమిది కాళ్ల ప్లగ్ ఉన్న ఇంజను నడుస్తోంది గానీ లైట్లు అసలు వెలగడం లేదంటే, ప్లగ్ తిరగేసి పెట్టారేమో చూడండి. ఆ ప్లగ్ ఎలా ఉంటుందంటే, తిరగేసి పెట్టినా మోటారు తీగలు మోటారుకే, పట్టాల తీగలు పట్టాలకే వెళ్తాయి. లైట్లకి మాత్రం దారి దొరకదు. దీనికి కూడా రీసెట్ ఏమీ చేయదు.

ఇవన్నీ అయ్యాకే డీకోడర్ వైపు వెళ్లాలి. అప్పుడు కూడా మొదట చదవాలి.

సీవీ 29 చెప్పే కథలు

ఒక్క సొరుగే చదవడానికి టైం ఉందంటే నేను సీవీ 29 చదువుతాను. అందులో ఉన్న సంఖ్య చిన్న చిన్న స్విచ్‌ల మొత్తం. దిశ తిప్పడానికి 1. 28 మెట్ల వేగానికి 2. పాత డీసీ పద్ధతిలో కూడా నడవడానికి 4. రైల్‌కామ్‌కి 8. వేగాల పట్టిక వాడడానికి 16. పెద్ద నంబరు వాడడానికి 32. ఆ పెద్దాయన ఇంజన్లలో 50 ఉండేది. 32, 16, 2 కలిపితే 50. అంటే పెద్ద నంబరు, పట్టిక, 28 మెట్లు, డీసీ వద్దు. ఆ ఒక్క సంఖ్య చదివి ఉంటే, లోపల పట్టిక ఉంది జాగ్రత్త అని తెలిసిపోయేది.

ఇప్పుడు మూడు జబ్బులు చూడండి. మూడింటికీ అందరూ రీసెట్ అనే చెబుతారు.

ఒకటి. వేగం పెంచుతుంటే లైటు ఒక మెట్టుకి వెలుగుతుంది, తర్వాతి మెట్టుకి ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. డీకోడర్ 14 మెట్లు అనుకుంటోంది, కంట్రోలర్ 28 మెట్లు పంపుతోంది. 14 మెట్ల పద్ధతిలో లైటుకి వాడే బిట్‌నే 28 మెట్ల పద్ధతిలో వేగానికి వాడతారు. అందుకే వేగం మారినప్పుడల్లా లైటు కన్ను కొడుతుంది. మందు చాలా చిన్నది. సీవీ 29లో ఉన్న సంఖ్యకి 2 కలపండి. అంతే.

రెండు. ఇంజను నెమ్మదిగా వెళ్తూ వెళ్తూ ఉన్నట్టుండి పూర్తి వేగంతో పరిగెత్తుతుంది, ఎవరు చెప్పినా వినదు. పట్టాల మీద సందేశం ఒక్క క్షణం చెదిరినప్పుడు, ఇది డీసీ కరెంటేమో అని డీకోడర్ అనుకుంటుంది. డీసీలో అంత వోల్టేజి అంటే పూర్తి వేగమని అర్థం. సీవీ 29లోంచి 4 తీసేస్తే ఇది ఆగుతుంది. 6 ఉంటే 2 చేయండి, 38 ఉంటే 34 చేయండి. ఇక్కడ రీసెట్ కొడితే ఏమవుతుందో చూడండి. చాలా డీకోడర్లు ఆ 4 పెట్టుకునే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. అంటే ఎవరో తెలివిగా తీసేసిన జబ్బుని రీసెట్ మళ్లీ తెచ్చిపెడుతుంది!

మూడు. లైటు వెలుగుతుంది, హారన్ మోగుతుంది, ఇంజను మాత్రం కదలదు. మోటారు కాలిపోయిందని చాలామంది అనుకుంటారు. సీవీ 19 చదవండి. ఈ ఇంజనుని ఎప్పుడో ఇంకో ఇంజనుతో జంట కట్టి ఉంటారు, ఆ జంట నంబరు సీవీ 19లో ఉండిపోయి ఉంటుంది. అది ఉన్నంతకాలం ఇంజను వేగం మాట జంట నంబరు నుంచే వింటుంది, సొంత నంబరు నుంచి వినదు. సీవీ 19లో 0 రాస్తే కదులుతుంది. మిగతా సొరుగులన్నీ అలాగే ఉంటాయి.

"చదవడమే కుదరడం లేదు" అనేవాళ్లు కూడా ఉంటారు. ప్రోగ్రామింగ్ పట్టా మీద డీకోడర్ జవాబు ఎలా చెబుతుందో తెలిస్తే దీనికీ దారి దొరుకుతుంది. డీకోడర్‌కి నోరు లేదు. "అవును" అని చెప్పడానికి అది 6 మిల్లీసెకన్ల పాటు కనీసం 60 మిల్లీఆంపుల కరెంటు ఎక్కువ తీసుకుంటుంది. సాధారణంగా మోటారుని కొంచెం కదిపి ఆ పని చేస్తుంది. ఇంజను ఉలిక్కిపడినట్టు కదలడం అందుకే. చక్రాలు మురికిగా ఉన్నా, మోటారు తీగ ఊడినా ఆ జవాబు వినిపించదు. కరెంటు నిలవ ఉంచే కెపాసిటర్ తగిలించి ఉన్నా జవాబు సరిగ్గా వినిపించకపోవచ్చు. జవాబు వినపడకపోతే డీకోడర్ చచ్చిందని కాదు. దాని మాట మనదాకా రాలేదు, అంతే.

అవతలివాళ్ల మాట

రీసెట్ ఎప్పుడూ వద్దని నేను అనడం లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఇంజనులో ఎవరో ఏవేవో పెట్టి ఉంటారు. నంబరు తెలియదు, ఏ మీటా పనిచేయదు. అప్పుడు రీసెట్ మంచి మందే. రాసే సంఖ్యలు ఒకదానితో ఒకటి గొడవ పడి, ఏది ఎక్కడ చెడిందో తెలియనప్పుడు కూడా అంతే. కానీ అప్పుడు కూడా చదవగలిగినంత చదివి రాసుకుని, తర్వాత కొట్టండి. ఉచితంగా దొరికే జేఎమ్ఆర్ఐ అనే సాఫ్ట్‌వేర్‌లో డీకోడర్‌ప్రో అని ఉంది. కంప్యూటర్‌కి తగిలిస్తే అది సొరుగులన్నీ చదివి దాచిపెడుతుంది. తర్వాత కావాలంటే తిరిగి రాసేస్తుంది.

"ప్రదర్శన రోజు జనం నిలబడి చూస్తుంటే చదువుతూ కూర్చోవాలా?" అని ఒకరు అడిగారు. వద్దు. ఆ ఇంజనుని పక్కన పెట్టి ఇంకోటి తీయండి. జబ్బు చేసిన ఇంజను సాయంత్రం దాకా ఆగుతుంది. పోయిన సంఖ్యలు మాత్రం తిరిగి రావు.

ఇంకో నష్టం కూడా ఉంది. రీసెట్‌తో బాగుపడకపోతే తర్వాతి మాట "డీకోడర్ మార్చేయ్". శబ్దం లేని మామూలు డీకోడరే ఇరవై, ముప్పై పౌన్లు అవుతుంది. శబ్దం ఉన్నది వంద కూడా దాటొచ్చు. క్లబ్‌కి వచ్చే పిల్లలకి అది చిన్న డబ్బు కాదు. మసి పట్టిన చక్రాల కోసం వంద పౌన్లు ఖర్చు పెట్టమంటే, ఆ పిల్ల మళ్లీ క్లబ్‌కి రాదు.

షెడ్‌లో ఏం చేసేవాళ్లు

మా మావయ్య కాజీపేట డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనవి అసలు ఇంజన్లు, నావి అరచేతిలో పట్టేవి. అయినా ఫోన్‌లో మాట్లాడితే ఇద్దరం ఒకటే మాట్లాడుకుంటాం. షెడ్‌కి ఇంజను వస్తే మొదట ఏం చేసేవాళ్లని అడిగాను. "ముందుగాల బుక్కు చూడాలె బిడ్డా. డ్రైవర్ ఏం రాసిండో చదవాలె. గప్పుడు పానా పట్టాలె" అన్నారు. పానా అంటే నట్లు తిప్పే పనిముట్టు. ఆ మాట నాకు ఆ రోజే తెలిసింది. మీకూ పనికొస్తుంది, రాసుకోండి.

మన బొమ్మ ఇంజన్లకి డ్రైవర్ రాసే బుక్కు లేదు. ఉన్న బుక్కల్లా ఆ సొరుగులే. రీసెట్ అంటే చదవకుండానే బుక్కు చింపేయడం.

తెలుగు నేర్చుకునే మనకి ఇది కొత్త కాదు. మనం మాట్లాడుతూ ఎక్కడో తడబడతాం. వెంటనే ఎవరో "నీకు తెలుగు రాదు, అ ఆ ల నుంచి మొదలుపెట్టు" అంటారు. మనకి అమ్మమ్మ దగ్గర విన్న మాటలు ఉంటాయి, వంటింటి మాటలు ఉంటాయి, తిట్లు కూడా ఉంటాయి! అవన్నీ చెరిపి మొదటి పాఠం దగ్గర కూర్చోబెట్టక్కర్లేదు. ఎక్కడ తడబడ్డామో అడిగితే చాలు. చాలాసార్లు ఒక్క విభక్తి సరిచేస్తే వాక్యం కదులుతుంది.

నేను అడిగేది

మా క్లబ్ కమిటీకి నేను ఒక చిన్న పని అడిగాను. ప్రతి ఇంజను పెట్టెలో ఒక కార్డు ఉండాలి. దాని మీద సీవీ 1 నుంచి 8 వరకు, తర్వాత 17, 18, 19, 29 రాయాలి. 17, 18 ఎందుకంటే పెద్ద నంబరు వాటిలోనే ఉంటుంది. సీవీ 29లో 16 కలిసి ఉంటే, 67 నుంచి 94 వరకు 28 సంఖ్యలూ కార్డు వెనకవైపు రాయాలి. కార్డు లేని ఇంజనుని ఎవరూ రీసెట్ చేయకూడదు. మొత్తం పావుగంట పని. కొందరు నవ్వారు. ఇద్దరు మాత్రం ఆ సాయంత్రమే కార్డులు రాయడం మొదలుపెట్టారు.

మీ ఇంట్లో మోడల్ రైలు ఉంటే మీరు కూడా ఈ వారం ఒక్క ఇంజనుకి కార్డు రాయండి. తెలుగు అంకెల్లో రాస్తారో, మామూలు అంకెల్లో రాస్తారో మీ ఇష్టం. ఆ ఇంజను మీ నాన్నగారిదో, తాతగారిదో అయితే ఇంకా ముందు రాయండి. వాళ్లు ఉండగానే పక్కన కూర్చుని "ఈ సంఖ్య ఎందుకు పెట్టారు?" అని అడగండి. జవాబు కూడా ఆ కార్డు మీదే రాసి పెట్టెలో పెట్టండి.